మాటను గూర్చిన మాటలు

ప్రవేశపరీక్షలు సమీపించిన దినములలో సాయంకాలమున ఏ వీధిలో నడచినను, ఏదో యొక యింటి కిటికీనుండి ఆంగ్లపదములను వల్లెవేయు కంఠమొకటి వినవచ్చుట నేడు సామాన్యమైపోయినది. మొన్న మా పొరుగింటినుండి అట్టి వల్లెయే మా చెవిని బడినది. "లొక్వేషస్ అంటే ఎక్కువ మాట్లాడేవాడు; గ్యారులస్ అంటే ఎక్కువ మాట్లాడేవాడు; వాల్యుబుల్ అంటే ఎక్కువ మాట్లాడేవాడు." ఒక్క అర్థమునకు మూడు పదములు. కొంతసేపటికి పదములు మారినవి గాని పద్ధతి మారలేదు. "ట్యాసిటర్న్ అంటే తక్కువ మాట్లాడేవాడు, రెటిసెంట్ అంటే తక్కువ మాట్లాడేవాడు, లకానిక్ అంటే తక్కువ మాట్లాడేవాడు."

మేము ఆలోచనలో పడితిమి. అర్థమొక్కటియే యైనచో ఒక భాష మూడేసి పదములను ఏల మోయును? పనికిరాని వస్తువును ఏ గృహిణియు తన వంటింట చిరకాలము నిలువనీయదు. గరిటె, తెడ్డు, అట్లకాడ మూడును వంటకు పనికివచ్చునవే. ఐనను అట్లకాడతో పులుసు వడ్డింపబూనినవానిని చూచి ఇంటిల్లిపాదియు నవ్వుదురు. పదములును అట్టివే. ప్రవేశపరీక్షలలో మన పిల్లలకు మార్కులు పోవుట తరచుగా పదము తెలియక కాదు. ఆ పదము ఏ పనికై పుట్టినదో తెలియక. వాక్కునకును సంభాషణకును సంబంధించిన ఆంగ్లపదములను ఉదాహరణముగా గైకొని, వానిని ఎట్లు నేర్చుకొనవలెనో ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి.

ముందుగా పరీక్షను గూర్చి రెండు మాటలు. అమెరికాలోని కళాశాలలలో చేరగోరు విద్యార్థులు వ్రాయు పరీక్షలలో "శాట్" అనునది ప్రసిద్ధమైనది. కాలేజ్ బోర్డు అను సంస్థ దీనిని తొలిసారిగా 1926వ సంవత్సరము జూన్ 23వ తేదీన జరిపెను. నాడు సుమారు 8,000 మంది విద్యార్థులు పరీక్షకు కూర్చుండిరి. వారికి 97 నిమిషములలో 315 ప్రశ్నలు ఈయబడెను. అనగా నిమిషమునకు మూడుకు మించిన ప్రశ్నలు. గణితముతో బాటు పదముల నిర్వచనములు, వ్యతిరేకార్థములు, పదముల జంటల మధ్య పోలికలు అందు చాల కలవు. అట్టి పరీక్షకు పదముల పట్టికను కంఠస్థము చేయుటయే రాజమార్గమని జనులు భావించుటలో వింత లేదు. ఆనాటి ఆ అలవాటే తరతరములుగా చేతులు మారి నేటికిని మన పిల్లల బల్లలమీద పట్టికల రూపమున నిలిచియున్నది.

కాని పరీక్ష మారినది. 1994లో వ్యతిరేకార్థపదముల ప్రశ్నలను తీసివేసిరి. 2005లో పోలికల ప్రశ్నలు తొలగినవి. ఈ పోలికల ప్రశ్నలలో ఒకటి పెద్ద వివాదమునకు దారితీసినది. పరుగువానికి మారథాన్ ఎట్టిదో, పడవలో తెడ్డు వేయువానికి "రెగాటా", అనగా పడవపందెము, అట్టిదని అందు గుర్తింపవలసియుండెను. పడవపందెములు చూచి పెరిగిన సంపన్నుల బిడ్డలకు అది సులభము. తక్కినవారికి ఆ పదమే అపరిచితము. తెలివిని కొలుచుచున్నామని చెప్పి ఇంటి కలిమిని కొలుచుచున్నారని విమర్శకులు ఆక్షేపించిరి. 2016లో అరుదైన పదములతో వాక్యములను పూరించు ప్రశ్నలను తొలగించిరి. తప్పు సమాధానమునకు మార్కు కోయు పద్ధతియు ఆ సంవత్సరముననే పోయినది. 2023లో ఇతర దేశములందును, 2024లో అమెరికాయందును పరీక్ష కాగితమును విడిచి కంప్యూటరు తెరమీదికి వచ్చెను.

నేటి పరీక్షలో పఠనమును రచనయు కలిసిన భాగమున 54 ప్రశ్నలు, 64 నిమిషముల వ్యవధి. ప్రతి ప్రశ్నకును 25 మాటలు మొదలు 150 మాటల వరకు గల చిన్న రచనాఖండము ఆధారము. కొన్ని ఖండములలో ఒక మాట ఖాళీగా విడిచి, అచ్చట తర్కమునకు సరిపోవు మిక్కిలి ఖచ్చితమైన పదమేదో ఎన్నుకొనుమందురు. "ఖచ్చితమైన" అను ఆ మాటయే కీలకము. మన దేశమున 2022లో కేంద్రీయ విశ్వవిద్యాలయములకై నెలకొల్పిన ఉమ్మడి ప్రవేశపరీక్షలోను, ఆంగ్లభాషా పత్రమున సందర్భోచితమైన పదము నెన్నుకొను ప్రశ్నలు, పర్యాయపదముల ప్రశ్నలు కలవు. 2020 తరువాత అమెరికాలో అనేక కళాశాలలు శాట్ పరీక్షను ఐచ్ఛికము చేసినవి; వానిలో కొన్ని మరల విధించినవి. కావున ఏ కళాశాలవారు ఏది కోరుచున్నారో ముందే విచారించుకొనుట మేలు. పరీక్ష ఏదైనను, పదమును వశపరచుకొను మార్గము మాత్రమొక్కటే.

ఇక పొరుగింటి బాలిక సంగతి. ఆమె పదవ తరగతి వరకు తెలుగు మాధ్యమమున చదివినది. మేనమామ అమెరికాలో నుండుటచే అచ్చట చదువవలెనని ఆమె కోరిక. విద్యార్థివేతనము లభించిననే గాని ఆ చదువు సాగదని తండ్రి ముందే చెప్పియుండెను. మరునాటి ఉదయమున ఆమె ఒక కాగితము చేతబట్టుకొని, నాయనమ్మను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. "మాస్టారూ, నాలుగు వందల మాటలు నేర్చుకున్నాను. అయినా ప్రతిసారీ తప్పే వస్తోంది. నాకసలు ఇంగ్లీషు రాదేమో" అని కన్నుల నీరు పెట్టుకొనెను.

ఆమె తప్పిన ప్రశ్నను తెలుగున చెప్పెదము. "ఆ శాస్త్రజ్ఞుడు తన ప్రయోగములను గూర్చి గంటలకొలది ఉత్సాహముతో ప్రసంగించును, కాని తన కుటుంబమును గూర్చి అడిగినపుడు మాత్రము అతడు..." అని వాక్యము. ఖాళీలో పెట్టుటకు నాలుగు పదములు: ట్యాసిటర్న్, లకానిక్, రెటిసెంట్, ఇనార్టిక్యులేట్. బాలిక మొదటిదానిని గుర్తించినది. "తక్కువ మాట్లాడేవాడు అనే కదా అర్థం?" అని ఆమె వాదము. పట్టిక ప్రకారము చూచిన ఆమె వాదమునందు తప్పు లేదు. తప్పంతయు పట్టికయందే కలదు.

మేము నాయనమ్మగారివైపు తిరిగి వాక్యమును వినిపించి, "అమ్మా, ఇటువంటి మనిషిని మీరేమంటారు?" అని అడిగితిమి. ఆమెకు ఆంగ్లమున ఒక్క అక్షరము రాదు. ఆమె క్షణమైనను తడుముకొనక, "గంటలకొద్దీ మాట్లాడేవాణ్ణి ముభావంగా ఉంటాడని ఎవరంటారు నాయనా? వాడిది గుట్టు. ఇంటి సంగతి బయట పెట్టడు" అనిరి.

ఆ గుట్టే "రెటిసెంట్". తన సంగతులు చెప్పుకొనుటకు ఇచ్చగింపనివాడని దాని భావము. "ట్యాసిటర్న్" అనునది స్వభావము. ఎవ్వరితోను, ఏ విషయమును గూర్చియు అంతగా పెదవి విప్పని ముభావి. గంటలకొలది ప్రసంగించువానికి ఆ పేరు చెల్లదు. "లకానిక్" అనగా అడిగినదానికి సమాధానము చెప్పును గాని ఒకటి రెండు మాటలతో ముగించును. ఆ మాటలలో పదును కూడ ఉండును. "ఇనార్టిక్యులేట్" అనగా చెప్పదలచియు చెప్పలేనివాడు. మనసులోనిది మాటలలో పెట్టుట చేతగానివాడు. చెప్పనివాడు వేరు, చెప్పలేనివాడు వేరు, క్లుప్తముగా చెప్పువాడు వేరు, స్వభావముచేతనే మాటలాడనివాడు వేరు. ఈ నాలుగింటి భేదము ఆ యింటిలో ముందే యున్నది. బాలికకు కొరతపడినది తెలివి కాదు. తనకు తెలిసిన భేదమును ఆంగ్లపదమునకు ముడివేయు అలవాటు మాత్రమే.

కనుక మొదటి సూత్రమిది. ఆంగ్లపదమునకు ఆంగ్లమున మరియొక తేలికపదమును ఎదుట వ్రాసికొని తృప్తిపడరాదు. మన యింటిలో అట్టి మనిషిని, అట్టి మాటను ఏమందుమో వెదకవలెను. అధికముగా మాటలాడుటనే చూడుడు. "లొక్వేషస్" అనునది మాటలాడుటయందు ప్రీతిగలవానికి, వాచాలునకు చెల్లును. "గ్యారులస్" అనగా పనికిరాని సంగతులను పట్టుకొని సాగదీయు వాగుడుకాయ. "వాల్యుబుల్" అనగా తడబాటు లేక గడగడ మాటలాడువాడు. ఇందు నింద తప్పక యుండవలెనని లేదు. "వెర్బోస్" అనునది ఒక్క మాట చాలినచోట పది మాటలు వాడుట. "ప్రోలిక్స్" అనగా వినువారికి విసుగుపుట్టునట్లు సాగిన దీర్ఘప్రసంగము. మనవారు దానిని ఊకదంపుడు అందురు. గింజ లేని ఊకను దంపినట్లే అని ఎవరు తొలుత అనిరో గాని, ఆ ఒక్క మాటలో నిఘంటువులోని నాలుగు పంక్తులు ఇమిడియున్నవి.

రెండవ సూత్రము: పదము లోపలి బొమ్మను చూడవలెను. ఆంగ్లమునందలి పెద్దపదములలో అధికభాగము లాటిను, గ్రీకు భాషలనుండి వచ్చినవి. వానిలో పలు పదముల పుట్టుకయందు ఒక దృశ్యము దాగియుండును. దృశ్యము మనసున నిలిచిన పదము తేలికగా జారిపోదు. "సక్సింక్ట్" అను పదమునకు లాటిను మూలమున నడికట్టు బిగించి వస్త్రము పైకి దోపుకొనుట అని అర్థము. మన రైతు మడిలో దిగునప్పుడు పంచె ఎగగట్టినట్లు, అడ్డుపడు కుచ్చెళ్ళు లేక పనికి సిద్ధమైన మాట యని భావము. "కన్సైస్" అనగా కోసివేయబడినది. అనవసరమైన కొమ్మలు నరికిన చెట్టు వంటిది. "టర్స్" అనగా తుడిచి మెరుగుపెట్టినది. ఐతే తుడుపు ఎక్కువైనపుడు మర్యాదయు తుడిచిపెట్టుకొనిపోవును గనుక, నేటి వాడుకలో ఆ పదమునకు ముక్తసరితనపు ఛాయ కూడ కలదు. "క్లుప్తముగా చెప్పెను" అనుటకును "ముక్తసరిగా చెప్పెను" అనుటకును గల అంతరము మనకు తెలియనిది కాదు.

"లకానిక్" అను పదమునకు ఒక కథయే కలదు. గ్రీకు దేశమున స్పార్టా నగరమున్న ప్రాంతమునకు లకోనియా అని పేరు. స్పార్టావారు మితభాషులుగా ప్రసిద్ధులు. అలెగ్జాండరు తండ్రియైన ఫిలిప్ మహారాజు, తాను వారి దేశమున అడుగుపెట్టినచో ఏమేమి ధ్వంసము చేయునో బెదరించుచు వర్తమానము పంపగా, వారు "ఐతే" అను అర్థమిచ్చు ఒక్క మాటను తిరుగు సమాధానముగా పంపిరని చెప్పుదురు. ఆ ఒక్క మాటలో ధైర్యమును కలదు, వెక్కిరింతయును కలదు. ఈ కథ విన్న విద్యార్థి "లకానిక్" అనగా నోరులేనివాడని ఎన్నడును పొరబడడు.

దీనికి ఎదురుగా "బొంబాస్టిక్" అను పదమును చూడుడు. "బొంబాస్ట్" అనగా పూర్వము దుస్తులను ఉబ్బెత్తుగా కనబరచుటకు లోపల కూరు దూది. లోన సరుకు లేక పెద్దపెద్ద మాటలతో ఉబ్బిన ప్రసంగమునకు అది పేరైనది. దూది నింపిన భుజములు కలవాడు బలవంతుడు కానట్లే, ఉబ్బిన మాటలవాడు పండితుడు కాడు.

మూడవ సూత్రము: పదములను కుటుంబములుగా పరిచయము చేసికొనవలెను. లాటినున "లొక్వి" అను క్రియకు మాటలాడుట యని అర్థము. దానినుండి పుట్టిన సంతతిని చూడుడు. "ఎలొక్వెంట్" అనగా హృదయమునకు హత్తునట్లు మాటలాడు వాగ్మి. "సొలిలొక్వీ" అనగా ఒంటరిగా తనలో తాను పలుకుట, నాటకములయందలి స్వగతము. "సర్కంలొక్యూషన్" అనగా చుట్టు తిరిగి మాటలాడుట, మన డొంకతిరుగుడు. "ఇంటర్లొక్యుటర్" అనగా సంభాషణలో ఎదుటి వ్యక్తి. "కొలోక్వియల్" అనగా నలుగురు కూడి మాటలాడుకొను భాషకు చెందినది, వ్యావహారికము. వ్యావహారికమన నేమో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు దానికై ఒక జీవితకాలము పోరాడిరి. వారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని మనము తెలుగు భాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఇట్లు ఒక్క వేరు తెలిసిన ఐదు పదములు చేజిక్కినవి.

మరియొక కుటుంబము మనకు దగ్గర చుట్టము. లాటినున కంఠధ్వనిని "వోక్స్" అందురు. సంస్కృతమున మన "వాక్కు". సంస్కృతమును లాటినును ఒకే ప్రాచీనభాషనుండి చీలిన శాఖలనియు, ఈ రెండు పదములును ఒకే ధాతువునకు బిడ్డలనియు భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియున్నారు. "వొసిఫెరస్" అనగా గొంతెత్తి ఘోషించునది. "అడ్వొకేట్" అనగా మూలార్థమున సహాయమునకై పిలువబడినవాడు. "ఇక్వివొకేట్" అనగా సమానమైన రెండు గొంతులతో పలుకుట, అనగా ఇటును అటును సరిపోవునట్లు మాటలాడుట. పదసంపదకు ఆంగ్లమునగల పేరు "వొకాబ్యులరీ" సైతము ఈ వంశములోనిదే. వాక్కు అను మాటను పలికిన తెలుగు బిడ్డ తెలియకయే ఈ కుటుంబపు గడప దాటినది.

నాలుగవ సూత్రము: పదము మెచ్చుకొనుచున్నదా, నిందించుచున్నదా యని అడుగవలెను. పరీక్షకులు ఎక్కువగా ఉచ్చు పన్నునది ఇచ్చటనే. ఒక ఉదాహరణము. "ఆ అభ్యర్థి ప్రతి ప్రశ్నకును తడుముకొనక సమాధానము చెప్పెను, ఐనను ఆ సమాధానములలో ఒక్కదాని వెనుకను ఆలోచన కానరాలేదు. అతని మాటతీరు..." అని వాక్యము. ఎలొక్వెంట్, ఆర్టిక్యులేట్, గ్లిబ్ అని మూడు పదములు ఎదుట నున్నవి. మూడును చక్కగా మాటలాడుటకు సంబంధించినవే. "ఆర్టిక్యులేట్" అను పదమునకు మూలమున కీలు అని అర్థము. కీలు కీలు విడివడినట్లు ప్రతి భావమును స్పష్టముగా పలుకుట. అది ప్రశంస. "ఎలొక్వెంట్" అంతకు మించిన ప్రశంస. "గ్లిబ్" అనగా జారుడుతనము; నూనె రాచిన నాలుక. నునుపు కలదు గాని నమ్మకము లేదు. వాక్యమున "ఐనను" అను మాట కనబడగానే నింద వచ్చుచున్నదని గ్రహించిన విద్యార్థి తక్కిన రెంటిని వెంటనే త్రోసివేయగలడు. ఇట్టి చిన్నమాటలే వాక్యమునకు చుక్కాని వంటివి.

సత్యమును దాటవేయు మాటలకు ఆంగ్లమున ప్రత్యేకముగా ఒక పేటయే కలదు. "ఇక్వివొకేట్" చేయువాడు గోడమీది పిల్లి. "ప్రివారికేట్" చేయువాడు నీళ్ళు నమలువాడు; ఆ పదమునకు లాటినున వంకరగా నడచుట యని అర్థము, నిజమను తిన్నని బాటను తప్పి నడచుటయే ఆ వంకర. "డైగ్రెస్" చేయువాడు మోసగాడు కాడు; చెప్పుచున్న విషయమునుండి ప్రక్కకు అడుగువేసినవాడు మాత్రమే. పురాణము చెప్పుచు పిట్టకథలోనికి పోయిన పౌరాణికుని ఎవరైన అబద్ధీకుడందురా? "ఆంబిగ్యుయస్" అనునది రెండు అర్థములకు తావిచ్చు మాట. అది తెలియక జరిగిన పొరబాటును కావచ్చును. ఇక "క్యాండిడ్" అనగా వీటికన్నిటికిని ఎదురు. లాటినున తెల్లనిదని అర్థము, మన తెలుగున ముక్కుసూటిగా చెప్పుట. "వెర్బేటిమ్" అనగా అన్న మాటను అన్నట్లు మక్కికి మక్కి అప్పగించుట.

"యూఫెమిజమ్" అను పదమును గూర్చి మాత్రము కొంచెము ఆగి చెప్పవలెను. కటువైన, అశుభమైన సంగతిని మృదువైన మాటతో చెప్పుట అని దాని భావము. గ్రీకు మూలమున "యూ" అనగా మంచి, "ఫెమె" అనగా పలుకు. ఇది నేర్చుకొనుటకు విద్యార్థి నిఘంటువు తెరువనేల? మన యిండ్లలో దీపము ఆరదు, కొండెక్కును. బియ్యము అయిపోవు, నిండుకొనును. గడప దాటువాడు "వెళ్ళుచున్నాను" అనడు, "వెళ్ళివచ్చెదను" అనును. ప్రతి నాయనమ్మయు దినమునకు పదిసార్లు చేయుచున్న పనికి గ్రీకులు పెట్టిన పేరే ఈ పెద్దపదము. ఇది చెప్పినపుడు ఆ బాలిక ముఖమున తొలిసారిగా నవ్వు మొలచినది.

ఐతే ఒక హెచ్చరిక. తెలుగు మాట మెట్టు మాత్రమే, మేడ కాదు. ప్రతి ఆంగ్లపదమునకును సరిగా అతుకు తెలుగు మాట దొరకదు. వేరు తెలిసినంతమాత్రమున అర్థము తెలిసినట్లును కాదు. "వాల్యుబుల్" అను పదమును విని, శబ్దపు హెచ్చును తెలుపు "వాల్యూమ్" తలపునకు రాగా, బిగ్గరగా మాటలాడువాడని కొందరు ఊహింతురు. రెండింటికిని దొర్లుట యను అర్థముగల ధాతువే మూలమైనను, మొదటిది మాటలు సులభముగా దొర్లుటను తెలుపును గాని గొంతు హెచ్చును తెలుపదు. "ట్యాసిట్", "ట్యాసిటర్న్" అన్నదమ్ములే. కాని మొదటిది మనిషికి చెప్పునది కాదు, నోట పలుకకయే తెలియు అంగీకారము వంటివానికి చెప్పునది. మౌనము అర్ధాంగీకారమని మనమనునపుడు తలచునది ఆ అంగీకారమునే. "వెర్బల్" అనగా నోటిమాట యని మాత్రమే అనుకొందురు. మాటలతో కూడినదేదైనను, వ్రాసినదైనను, వెర్బలే. నోటిది మాత్రమే చెప్పుటకు "ఓరల్" వేరుగా నున్నది. "రెటిసెంట్" అను పదమును "ఇష్టపడని" అను అర్థమున అన్ని పనులకును వాడుటయు పొరబాటే; సంకోచము మాటకు సంబంధించినదైనపుడు దానిని వాడుట క్షేమము.

ఇక ఆచరణ. ఒక నోటుపుస్తకమున ప్రతి పదమునకును నాలుగు గళ్ళు గీయవలెను. మొదటి గడిలో పదమును, ఊది పలుకవలసిన అక్షరము క్రింద గీతతో సహా వ్రాయవలెను. "లొక్వేషస్", "లకానిక్" అను పదములలో ఊనిక రెండవ అక్షరముపై నుండును. "రెటిసెంట్", "ఎలొక్వెంట్", "ట్యాసిటర్న్" అను పదములలో మొదటి అక్షరముపై నుండును. చెవికి పట్టని పదము నాలుకకు రాదు. ఆకాశవాణి ఆంగ్లవార్తలను దినమునకు ఒకసారియైనను శ్రద్ధగా వినువారికి ఈ పలుకుబడి శ్రమలేకయే అలవడును. రెండవ గడిలో పదము లోపలి బొమ్మ. మూడవ గడిలో ఇంటి తెలుగు. నాలుగవ గడిలో స్వయముగా కూర్చిన ఒక ఆంగ్లవాక్యము; అది తనకు తెలిసిన మనిషిని గూర్చియో, తాను చూచిన సంఘటనను గూర్చియో ఐయుండవలెను. పినతండ్రి ముభావమును, పెదతండ్రి ఊకదంపుడును పరీక్షకు ఉపకరించుట అదృష్టముగా భావింపవచ్చును!

దినమునకు ఎనిమిది లేక పది పదములు చాలును. నలువది పదములను ఒక్క రాత్రి మ్రింగుటకంటె ఇది మేలు. జర్మనీదేశపు శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తిపై తానే ప్రయోగములు చేసి 1885లో వానిని ప్రకటించెను. నేర్చినదానిలో పెద్దభాగమును తొలిగంటలలోనే మరతుమనియు, ఒకేమారు పలుసార్లు చదువుటకంటె వ్యవధులిచ్చి చదువుట లాభకరమనియు ఆయన కనుగొనెను. కావున నేడు వ్రాసిన పుటను మరునాడును, నాలుగవనాడును, వారమునకును, నెలకును తిరిగి చూడవలెను. చూచునపుడు మొదటి గడిని చేతితో మూసి, తెలుగు మాటనుండి ఆంగ్లపదమును రాబట్టుటకు యత్నింపవలెను.

పరీక్షాసమయమునకు ఒక్క ఉపాయము. 64 నిమిషములలో 54 ప్రశ్నలు గనుక ఒక్కొక్కదానికి సుమారు 71 సెకండ్లు లభించును. అందు మొదటి ఇరువది సెకండ్లు క్రింది నాలుగు పదములవైపు చూడనేరాదు. ముందు వాక్యమును చదివి, ఖాళీలో ఏ భావముండవలెనో తన మాటలలో, తెలుగుననే ఐనను సరే, మనసున చెప్పుకొనవలెను. "గుట్టు" అని చెప్పుకొన్న తరువాత క్రిందికి చూచినచో "రెటిసెంట్" తానే ఎదురువచ్చును. ముందే నాలుగు పదములను చూచిన, నాలుగును నాలుగువైపుల లాగును. అప్పటికిని తేలనిచో, పొసగనివానిని కొట్టివేసి మిగిలినదానిని గుర్తింపవలెను. శాట్ పరీక్షలో తప్పునకు కోత లేదు గనుక ఏ ప్రశ్నను విడువనక్కరలేదు. ఇతర పరీక్షలలో కోత యుండవచ్చును; ఆ నియమమును ముందే చదువుకొనవలెను.

పెద్దలకును ఒక మనవి. ఆంగ్లము రాని తల్లులు, అవ్వలు పిల్లల చదువులో తమకేమియు పాత్ర లేదని ప్రక్కకు తొలగుచుందురు. పిల్లలును ఇంటి భాషను వీధి వాకిట విడిచి పుస్తకము తెరువవలెనని తలంతురు. ఇది ఇరువురికిని నష్టము. మనుషుల మాటతీరులోని భేదములను పదిమందిలో మసలి తెలిసికొన్నవారు పెద్దలు. రాత్రి భోజనమువేళ "ఇటువంటివాణ్ణి ఏమంటాం?" అని పిల్లలు అడిగిన చాలును, పుస్తకములో దొరకని జవాబు పళ్ళెము ప్రక్కన దొరకును.

పొరుగింటి బాలిక వచ్చు నెలలో పరీక్ష వ్రాయనున్నది. ఫలితమెట్లుండునో మేము చెప్పజాలము. ఇప్పుడు సాయంకాలములలో ఆ కిటికీనుండి వెనుకటి వల్లె వినబడుటలేదు. దానికి బదులు రెండు కంఠములు వినబడుచున్నవి. ఒకటి అడుగుచుండును, రెండవది చెప్పుచుండును; నడుమ నవ్వులు. నిన్న రాత్రి నాయనమ్మగారు, "ఆ గుట్టు మాట ఏమిటే, మళ్ళీ ఒకసారి చెప్పు" అని అడుగుచుండగా వింటిమి. మనుమరాలు మొదటి అక్షరమును ఊది, తప్పులేక పలికినది.